సాధికారత యను మాట

మా ఆత్రేయపురమున నొక గోడమీద క్రొత్తగా వ్రాసిన ప్రకటన యొకటి యీ నడుమ మా కంటబడినది. "లబ్ధిదారుల సాధికారతయే లక్ష్యము" అని పెద్ద యక్షరములతో నున్నది. బుట్ట నెత్తిన బెట్టుకొని పోవుచున్న యొక వృద్ధురాలు మమ్ము జూచి నిలిచి, "ఏం రాసేరండీ మాస్టారూ?" అని యడిగినది. చదివి వినిపించితిమి. "అంటేనండీ?" అని మఱల నడిగినది. ఇరువది యేండ్లుగా బడిలో తెలుగు చెప్పుచున్న మేము ఆ యొక్క "అంటే"కు సమాధానము చెప్పలేకపోతిమి. "మీకు మంచి చెయ్యాలని" అని యేదో పలికి తప్పించుకొంటిమి. "అయితే మంచిదేనండి" అని యామె తన దారిని బోయినది. ఆనాటి సిగ్గు మమ్ము విడువలేదు. ఈ పత్రికను జదువు గృహస్థులును గృహిణులును ఈ మాటను వార్తాపత్రికలలో తఱచుగా జూచుచున్నవారే గనుక, దీనిని కొంచెము విప్పి చూతమని తలచితిమి.

మాట యేర్పడిన తీరు సులభమే. అధికారముతో గూడియుండుట సాధికారత. ఇంగ్లీషులోని "ఎంపవర్‌మెంట్" అను పదమునకు మనవారు చేసికొన్న యనువాదమిది. అమెరికాలో బార్బరా సాలమన్ అను విదుషి 1976లో నల్లజాతివారి నడుమ జరుగవలసిన సంఘసేవను గూర్చి వ్రాసిన గ్రంథమునకు ఈ మాటనే పేరులో నుంచినది. 1978లో ఆల్మా-ఆటా నగరమున గూడిన అంతర్జాతీయ ఆరోగ్య సమావేశము, తమకు గావలసిన వైద్యసేవలను రచించుటలోను నడపుటలోను ప్రజలు వ్యక్తులుగాను సమూహముగాను పాల్గొనుట వారి హక్కు, వారి విధి యని చాటినది. 1986లో కెనడాలోని ఒట్టావాలో చేసిన ప్రకటన మఱికొంత ముందునకు బోయి, తమ యారోగ్యముపై తమ యదుపును జనులు పెంచుకొనునట్లు చేయుటయే ఆరోగ్యవర్ధన మనినది. ఈ వాక్యములలో కర్త లెవరో గమనింపుడు. పాల్గొనువారు జనులు, అదుపు పెంచుకొనువారు జనులు. అదే మాట మన తెలుగులోనికి దిగునప్పటికి వాక్యనిర్మాణము తలక్రిందైనది. "మహిళలకు సాధికారత కల్పించుచున్నాము", "పేదలకు సాధికారత కల్పింపబడును" అని వ్రాయుచున్నారు. ఇందు కల్పించువా డొకడు, కల్పన పొందువారు వేఱొకరు. "కల్పించు" అను క్రియకు తెలుగున మఱియొక యర్థము గూడ గలదని బడిపిల్లల కెల్ల దెలియును. లేనిదానిని ఉన్నట్లు చెప్పుట.

సంస్కృతము చదివిన పాపమున మాకు అధికార శబ్దము వినినంతనే పూర్వమీమాంస తలపునకు వచ్చును. లోకములో అధికార మనగా దొరతనము, పెత్తనము. మీమాంసకుల కట్లు కాదు. ఒక కర్మను చేయుటకు అర్హతయు, దాని ఫలమునకు స్వామిత్వమును గలిగియుండుటయే వారికి అధికారము. ఎవని కర్మయో ఫలము వానిదే. ఫల మెవనిదో కర్మకు గర్త వాడే. ఇంత చక్కని నిర్వచనము మఱియొకచోట మాకు గానరాలేదు. కాని యీ నిర్వచనమున్న జైమిని సూత్రముల యాఱవ యధ్యాయములోనే ఎవరి కధికారము లేదో గూడ నిర్ణయింపబడినది. స్త్రీల కధికారము లేదని ఐతిశాయనుడు వాదింపగా, బాదరాయణుని మతము ననుసరించి కలదని సూత్రకారుడు తీర్చినాడు. అయినను వారు భర్తతో గలసి చేయవలసినదే. శూద్రుల విషయమున మాత్రము లేదనియే తీర్పు. బాదరి యనువాడొక్కడు అందఱికి నధికారము గలదని పట్టుపట్టినాడు. ఆ మాట పూర్వపక్షముగా నిలిచిపోయినది. రెండువేల యేండ్లకు పైగా పూర్వపక్షముగనే యున్న బాదరి వాదమే నేడు గోడమీది "సాధికారత"లో సిద్ధాంతమై కూర్చుండవలసినది. అట్లు కూర్చుండినదా యనునదే మా ప్రశ్న.

కూర్చుండలేదని దాని ప్రక్క మాటయే చెప్పుచున్నది. "లబ్ధిదారు" అనునది సంస్కృతపు తలయు పారసీకపు తోకయు గల పదము. లబ్ధి యనగా దొరకినది. దొరకినదానిని పట్టుకొనియున్నవాడు లబ్ధిదారు. దొరకుటలో అతని ప్రయత్నము గాని ప్రశ్న గాని యేమియు లేదు. మీమాంసకుని యధికారి ఫలమునకు స్వామి. ఈ లబ్ధిదారు ఫలమునకు పాత్ర మాత్రమే. ఈ రెండు పదములను ఒక్క సమాసమున నిమిడ్చినవాడు వ్యాకరణమున దప్పు చేయలేదు గాని, ఒక పదము రెండవదానిని మ్రింగివేయునని యెఱుగడు.

ఇక మాటలు విడిచి, తెలుగుదేశమున ఈ మాటకు నిజమైన యర్థ మేనాడు కలిగెనో చూతము. అందులకు నెల్లూరు జిల్లాకు బోవలెను. 1990 దాటిన తొలి యేండ్లలో అచ్చట సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమము జరిగినది. రాత్రి బడులలో వయోజనులు, ముఖ్యముగా కూలినాలి చేసికొను స్త్రీలు, అక్షరములు దిద్దిరి. వారి వాచకములలో "సీతమ్మ కథ" యను పాఠ మొకటి యున్నది. ఒక పల్లెలోని స్త్రీ తోడివారిని గూడగట్టి సారాకొట్టు మూయించిన కథ యది. సాహిత్యముగా జూచిన నందు గొప్పతన మేమియు లేదు. వర్ణన లేదు, పాత్రపోషణ లేదు, అలంకారము లేదు. అప్పుడే అక్షరములు కూడబలుకుకొనుచున్నవారికై వ్రాసినది గనుక వాక్యములు పొట్టివి. సాహిత్యపరిషత్తులలో దీనిని జదివిన నెవరును తల యెత్తరు.

కాని కలిగిరి మండలములోని దూబగుంట స్త్రీలు దీనిని జదివి తమ యూరిలోని సారాను నిలిపివేసిరి. వారిలో ముందు నిలిచిన రోశమ్మగారి పేరు తరువాత దేశమంతట వినబడినది. అంతట అక్షరాస్యతావాచకము చేసినవారు మంచిపని యొకటి చేసిరి. దూబగుంటలో జరిగినదానినే మఱియొక పాఠముగా వ్రాసి, "ఆడవాళ్ళు ఏకమైతే" అని పేరు పెట్టి, తరువాతి పుస్తకమున జేర్చిరి. ఒక పల్లె చదివినది, చేసినది. చేసినది మఱల పాఠమైనది. ఆ పాఠమును తక్కిన పల్లెలు చదివినవి. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలములు పలుమాఱు ఆగిపోయినవి. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది.

పుస్తకము వలననే యిదంతయు జరిగినదని మేము చెప్పము. కడుపుమంట పుస్తకము కంటె ముందే యున్నది. భర్త సంపాదించిన కూలి సాయంకాలమునకే సారాకొట్టులో జమయగుట, రాత్రి దెబ్బలు, తెల్లవాఱి పిల్లలకు గంజి లేకపోవుట, ఇవి ఎవరును నేర్పిన పాఠములు గావు. పాఠము చేసినపని వేఱు. ఇంటింట వేఱువేఱుగా నున్న యవమానమునకు అది యొక్క పేరు పెట్టి, అది యందఱికి నొక్కటే యని చూపినది. బ్రెజిలు దేశపు పౌలో ఫ్రెయిరి చదువును గూర్చి చెప్పిన సిద్ధాంతమిదే గాని, దూబగుంట స్త్రీలకు ఆయన పేరుతో నేమి పని?

ఇక్కడ మా విమర్శకు గీలకమైన విషయ మొకటి గలదు. సారావలన ఎన్నో యిండ్లు రోగములపాలైనవి. అయినను ఏ వైద్యప్రణాళికలోను ఆ రోగమునకు మందుగా "సారాకొట్టు మూయుట" యని వ్రాయబడలేదు. వ్రాయుట ఎట్లు? ఆనాటి ఆంధ్రప్రదేశ ప్రభుత్వమునకు ఆబ్కారీ వలన 1970-71లో వచ్చిన యాదాయము 39 కోట్ల రూపాయలు కాగా 1991-92 నాటికి అది 812 కోట్లైనది. రోగము కలిగించువాడును వైద్యశాల నడపువాడును ఒక్కడే యైనప్పుడు నిదానము వైద్యునివలన రాదు. ఆ నిదానము చేసినవారు కూలి స్త్రీలు. తమ రోగమేదో తామే చెప్పగలుగుట, అది చెప్పినప్పుడు వినక తప్పని స్థితి గలిగించుట, సాధికారత యనగా మా కంతకు మించి యేమియు దోచదు. మందులు, మాత్రలు, పథకములు దానికి తరువాతివి.

భాషను గూర్చి యొక ముచ్చట. 1980 తరువాతి దశకమున ప్రభుత్వమే సారాను సంచులలో నింపి పల్లెలకు జేర్చు నేర్పాటు చేసినది. దానికి "వారుణి వాహిని" యని పేరు. వారుణి యనగా మద్యము, వాహిని యనగా నది. ఎంత సొంపైన సంస్కృతము! దానిని జదువలేని యాడవారి యిండ్లమీదుగా ఆ నది ప్రవహించినది. "ఆడవాళ్ళు ఏకమైతే" యను పొట్టి తెలుగు వాక్యము దానికి గట్టు వేసినది. గిడుగు రామమూర్తి పంతులుగారు బ్రతికియుండిన, వాడుకభాషకు ఇంతకంటె మంచి సాక్ష్యము వెదకియుండరు. మేము గ్రాంథికమున వ్రాయుచు ఈ మాట యనుట చూచి చదువరులు నవ్విన నవ్వవచ్చును.

అయితే ఆ గట్టు నిలిచినదా యన్నచో లేదు. 1997లో మద్యనిషేధము సడలింపబడినది. సంస్కరణపక్షమువారము దీనిని దాచిపెట్టి పండుగ చేసికొనుట తగదు. చట్టము పోయినది గాని కూడిన స్త్రీలు విడిపోలేదు. నెల్లూరిలోనే "పొదుపు లక్ష్మి" యను పేర దినమునకొక రూపాయి కూడబెట్టు సంఘములు బయలుదేఱినవి. అవి డ్వాక్రా సంఘములతో గలసి రాష్ట్రమంతట వ్యాపించినవి. ఇప్పుడు కోనసీమలో డ్వాక్రా సంఘము లేని వీథి లేదు. స్త్రీలు బ్యాంకు మెట్లెక్కి సంతకము చేయుట, పదిమంది యెదుట మాటలాడుట, అప్పు తీర్చి మఱల దెచ్చుట మేము కన్నులార జూచుచున్నాము. ఇది చిన్న మార్పు గాదు. కాని రానురాను ఈ సంఘములకు అడుగువాడుక తగ్గి, పిలిచినచోటికి పోవువాడుక హెచ్చినది. సభ గలదన్న బోవుట, చెప్పినచోట సంతకము, ఇచ్చినచోట అప్పు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ళ బాధ పడలేక ఎందఱో ప్రాణములు దీసికొనిరను వార్తలు వచ్చి, ఆ యేడు అక్టోబరులో ప్రభుత్వ మత్యవసరశాసనము చేయవలసివచ్చినప్పుడు, ఆ యప్పు లిచ్చినవారు గూడ తమ పనికి పెట్టుకొన్న పేరు మహిళాసాధికారతయే. సారాకొట్టును మూయించిన కూటమి అప్పులవాని యెదుట మాట పెగలక నిలుచుట యేమి? అచ్చట తమ రోగమును తామే పేర్కొనిరి. ఇచ్చట మందు ముందు వచ్చి, రోగము తరువాత వచ్చినది.

అడుగు నధికార మన్న దుర్గాబాయి గారి కథ చెప్పక మానలేము. ఆమె మన గోదావరి తీరముననే, రాజమహేంద్రవరమున 1909లో బుట్టినది. 1923లో కాకినాడ కాంగ్రెసు సభల సందర్భమున జరిగిన ప్రదర్శనశాలలో స్వచ్ఛంద సేవికగా ద్వారముకడ నిలిచి, చీటీ లేనిదే లోనికి బోరాదని జవాహర్‌లాల్ నెహ్రూగారిని ఆపినది. నిర్వాహకులు చీటీ తెచ్చి యిచ్చిన తరువాతనే లోనికి విడిచినది. అప్పటికామెకు పదునాలు గేండ్లు. ఆమె మద్రాసులో 1937లో ఆంధ్రమహిళాసభను స్థాపించుటయు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి యధ్యక్షురాలగుటయు తరువాతి మాట. ఆమె ఆనాడు ద్వారమున నిలువగలుగుటకు గారణము ధైర్య మొక్కటియే గాదు. నియమ మేమో యామెకు దెలియును. నియమము దెలియనివానికి ధైర్యమున్నను అది గొడవగా ముగియును.

ఈ తెలియుట యను విషయముననే మా తప్పు మేము చెప్పుకొనవలసియున్నది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను ప్రారంభమైనప్పుడు, ప్రతి గ్రామమునకు "ఆశ" కార్యకర్తను నియమించుటతో బాటు, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య సంఘము నొకదానిని గూడ నేర్పఱచిరి. (సంస్కృతమున ఆశా శబ్దమునకు కోరిక యనియే గాక దిక్కు అనియు నర్థము గలదు. ఇంగ్లీషు పొడియక్షరములను గూర్చినవారు దీనిని తలపోసిరో లేదో గాని, రాత్రివేళ పురిటినొప్పులు వచ్చిన యిల్లాలికి ఆ రెండవ యర్థమే నిజము.) ఆ సంఘమునకు ఏటేట 10,000 రూపాయల నిధి. ఈ పనికే యని ముడిపెట్టని నిధి యది. ఊరి యారోగ్యమునకు ఏది యవసరమో ఊరివారే తలచి ఖర్చు పెట్టుకొనుట కుద్దేశింపబడినది. మొత్తము చిన్నదే. కాని ఏది యవసరమో నిర్ణయించునది ఊరే యను మాట చిన్నది గాదు. ఆల్మా-ఆటాలో 1978లో వ్రాసికొన్న వాక్యము పల్లెవఱకు నడచివచ్చిన రూప మది. ఆల్మా-ఆటా ప్రకటనను మేము కళాశాలలో ఇంగ్లీషున జదివి పరీక్షలో వ్రాసి మార్కులు దెచ్చుకొంటిమి. ఇట్టి సంఘ మొకటి యుండవలెనని మాత్రము చాల కాలమువఱకు ఎఱుగము. చదువుకొన్న మాస్టరు స్థితియే యిట్లున్నచో, గోడమీది వ్రాతను చదివించుకొను వృద్ధురాలిని అననేల?

మా యూరి పేరు చెప్పగనే లోకమునకు పూతరేకులు గుర్తునకు వచ్చును. 2023లో వీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ మధురపదార్థమును దినువారిలో పెక్కుమంది రేకు తీయుట చూచియుండరు. బియ్యము నానబెట్టి మెత్తగా రుబ్బి, నీళ్ళవలె పలుచని పిండి చేసికొందురు. నున్నని కుండను బోర్లించి క్రింద మంట పెట్టుదురు. పలుచని గుడ్డను ఆ పిండిలో ముంచి కాలుచున్న కుండమీద నొక్క విసరు విసరినంతనే కాగితము కంటె పలుచని రేకు లేచును. దానిని చిరుగకుండ తీయుట చేతివాటము. మంటకు ఎండిన కొబ్బరిమట్టలు, ఆకులు. ఈ పని చేయువారు దాదాపు అందఱును స్త్రీలే. ఉదయమునుండి గంటలకొలది ఆ సెగ యెదుట, ఆ పొగలో, నడుము వంచి కూర్చుందురు. కట్టెలపొగ ఊపిరితిత్తులకును కన్నులకును చేయు కీడు వైద్యులెల్ల రెఱిగినదే. రేకునకు గుర్తింపు వచ్చినది. రేకు తీయు చేతికిని పీల్చు పొగకును ఏమి వచ్చినది?

ఈ పొగను గూర్చి యొకనాడు ఒక రేకుల పాకలో మాటలాడితిమి. "అలవాటైపోయిందండి" అని యొకామె యనినది. దగ్గు వచ్చిన మందులషాపున మాత్ర కొని వేసికొనుట, తగ్గని యెడల ఆసుపత్రికి బోవుట. పొగ యను మాట వైద్యునికి జెప్పుదురా యని యడిగితిమి. "ఆయనడగలేదు, మేం చెప్పలేదు" అని యామె నవ్వినది. దూబగుంటలో సారాకును ఇట్టి యలవాటు మాటయే చాలకాలము వినబడియుండును. పొగగొట్టముగల పొయ్యి, గాలియాడు పాక, ఏడాది కొకమాఱైనను ఊపిరితిత్తుల పరీక్ష, ఇవి దుర్లభములు గావు. కాని వీనిని కావలెనని వారే చెప్పనిచో ఎవరో యొకరు తమకు దోచినది తెచ్చి "కల్పించి" పోవుదురు. గ్రామములలో దయతో నిచ్చిన క్రొత్త పొయ్యిలు అటకమీద బడియుండుట చదువరులును చూచియుందురు. ఎత్తు కుదరదనియో, కుండ నిలువదనియో. వాడువారిని ముం దడిగినవాడు లేడు.

పూర్వపు నెల్లూరి వాచకము తలపునకు వచ్చి, మేమును పది వాక్యములతో నొక పాఠము వ్రాసితిమి. గ్రాంథికము గాదు, వాడుకభాషయే. ఊరి యారోగ్యసంఘ మేమి, అందెవ రుందురు, నిధి యెంత, దానిని గూర్చి ఎవరిని అడుగవచ్చును, పొగకు ఏమి చేయవచ్చును, ఇంతియే. ఆ పాకకే తీసికొనిపోయి, పని చేయుచున్నవారికి వినబడునట్లు చదివితిమి. మూడవ వాక్యము "ఊరి ఆరోగ్యం కోసం ఏటా పదివేలు ఇస్తారు" అని యున్నది. రేకు తీయుచున్న చేయి ఆపకయే ఒకామె, "ఇస్తారు అని రాసేరేంటండీ? మనదే అన్నారు కదా ఇందాక" అనినది. ఇరువదిమంది విద్యార్థుల వ్యాసములను ఒక్క గంటలో దిద్దు మా కలమునకు ఆ దోషము గనబడలేదు. "మనకు రావాలి" అని దిద్దితిమి. తరువాత నాఱవ వాక్యముకడ మఱియొకామె, "ఎవర్నడగాలో రాసేరు, బానే ఉంది. అడిగితే చెప్పకపోతే ఏం చెయ్యాలో రాయలేదే?" అనినది.

దానికి సమాధానము మా పాఠములో లేదు. సమాచారహక్కు చట్టము 2005నుండి యున్నదని నోటితో జెప్పితిమి గాని, కాగితముమీద నెట్లు వ్రాయవలెనో, ఎంత రుసుము కట్టవలెనో, ఎన్ని దినములలో సమాధానము రావలెనో వారికి దెలియునట్లు వ్రాయుట మిగిలియున్నది. వచ్చు ఆదివారమునకు పదునొకండవ వాక్యమునుండి వ్రాసి తెత్తునని మాట యిచ్చి వచ్చితిమి. పని సాయంకాలము నాలుగింటికి ముగియునట. ఆ తరువాత రమ్మనిరి.